కూడలి దాటిన గ్లాసు

పోయినవారం థాలియాను కొండదారి బస్సులో, ఒళ్ళో సంచీ పెట్టుకుని గోళ్ళు కొరుక్కుంటుండగా వదిలాం. ఈవారమే కథలో అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి, అప్పుడు ఆమెను బస్సు దింపుతాను.

థాలియా థెస్సలోనికి విశ్వవిద్యాలయంలో ఓటర్ల మీద పరిశోధన చేస్తోంది. ప్రతి మనిషినీ ఆమె చాలా ప్రశ్నలు అడుగుతుంది గానీ వాటిలో ముఖ్యమైనవి రెండు. ‘మీరు ఏ పార్టీ మనిషినని అనుకుంటారు?’ అనేది మొదటిది. ‘పోయినసారి నిజంగా ఓటు ఎవరికి వేశారు?’ అనేది రెండోది. పెత్రోవ్రిసి అనే కొండ ఊళ్ళో రెండో ప్రశ్న అడిగినప్పుడల్లా జనం ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. ఆ ఊళ్ళో కూడలికి ఇటు ఆకుపచ్చ కాఫీ కొట్టు, అటు నీలం కాఫీ కొట్టు. మగవాడు పొద్దున్నే ఎటు వెళ్ళి కూర్చుంటే అదే అతని పార్టీ, అదే అతని ఓటు. కొడుక్కి పిల్లనిచ్చేవాళ్ళూ, చచ్చాక శవపేటిక మోసేవాళ్ళూ ఆ కుర్చీని బట్టే వస్తారు. ఇంక రెండో ప్రశ్న దేనికి?

ఒక్కరి దగ్గర మాత్రం రెండు జవాబులూ కలవలేదు. నీలం కొట్టులో, గోడ మీద తండ్రి ఫోటో కింద ఏళ్ళ తరబడి కూర్చుంటున్న లాంబ్రోస్. "నేను నీలం మనిషినే అమ్మా, నా ఎముకలు కూడా నీలమే. ఓటంటావా, ఆకుపచ్చకి వేశాను," అన్నాడాయన, అన్నాక చాలాసేపు తలెత్తలేదు. ఈ ముచ్చట థాలియా ఒక పత్రిక విలేకరికి చెప్పింది. ఊరి పేరు చెప్పలేదు. మనిషి పేరు చెప్పలేదు. అదీ చాలదనుకుని రంగులు తారుమారు చేసి, ఆకుపచ్చ కొట్టులో కూర్చునే ఒకాయన నీలానికి ఓటేశాడని చెప్పింది. ఎంత జాగ్రత్తో చూశారా! ఆ జాగ్రత్తే కొంప ముంచింది. పత్రికవాళ్ళు ఆమె ఫోటో వేశారు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగిన పిల్లను పెత్రోవ్రిసిలో గుర్తుపట్టనివాడెవడు? ఆకుపచ్చవాళ్ళు తమలో దొంగ ఎవడా అని వెతికారు. వాయోస్ భార్య నీలం ఇంటి పిల్ల. అంతే, వాయోస్ మీద పడ్డారు. అతను నడిపే బడి బస్సు తాళాలు లాగేసుకున్నారు.

ఆ వాయోస్ కోసమే థాలియా వచ్చింది. ఆమె ప్రొఫెసరు వెళ్ళొద్దన్నాడు. "అవుననీ అనకు, కాదనీ అనకు. ఒకడికి కాదన్నావంటే తక్కిన అందరికీ అనాల్సి వస్తుంది," అని ఫోనులో మరీ మరీ చెప్పాడు.

బస్సు దిగి ఆమె ముందు మారిగో ఇంటికి వెళ్ళింది. మారిగో లాంబ్రోస్ భార్య. ఈ ఊరొచ్చినప్పుడల్లా థాలియా బస వాళ్ళ మేడమీది గదిలోనే. తలుపు బార్లా తీసి ఉంది. వంటింట్లో పెద్ద గిన్నెలో గోధుమలు ఉడుకుతున్నాయి. రేపు పోయినవాళ్ళ శనివారం, గోధుమలు ఉడికించి గుడికి పట్టుకెళ్ళే రోజు. ఎల్లుండి ఆదివారం ఎన్నికలు.

"వచ్చావా తల్లీ! పేపర్లో ఆ ఫోటో ఏంటే అలా పడింది? జ్వరమొచ్చి లేచినదాన్లా ఉన్నావు," అంది మారిగో, గరిటెతో గోధుమలు కలుపుతూనే.

"బాబాయి ఏడీ పిన్నీ?"

"ఎక్కడుంటాడు, మన నీలం కొట్లోనే, అర్గిరిస్ దగ్గర. అక్కడ వారం నుంచీ పండగే. ఆకుపచ్చోళ్ళలో మన ఓటరున్నాడని తెలిసినకాణ్ణించీ మావాళ్ళు నవ్వలేక చస్తున్నారు. మీ బాబాయికే నవ్వు రావట్లేదు. తిండి కూడా సయించట్లేదు. అడిగితే కడుపులో మంటంటాడు."

మారిగో బల్ల మీద మూడు పళ్ళాలు వరసగా పెట్టి, తుడిచి, వేలితో ఒక్కొక్కటే చూపించింది.

"ఇది మా అన్నకి. ఇది మామగారికి. ఇది మా మరిది ఫానిస్‌కి. వాడు పోయేనాటికి మీసం కూడా రాలేదంటారు. కొండల్లోకి ఈడ్చుకుపోయారు, అక్కడే పోయాడు. గోరీ కూడా లేదు పాపం. అందుకే వాడి పళ్ళెంలో రెండు గుప్పెళ్ళు ఎక్కువ వేస్తాను. పెళ్ళయి ఈ ఇంట్లోకి వచ్చిన ఏడు నుంచీ అంతే. బాదంపప్పులు కూడా వాడికి మంచివి ఏరిపెడతాను."

థాలియా కిటికీలోంచి బయటికి చూసింది. ఫానిస్ చావలేదు, ఆ సంగతి లాంబ్రోసే ఆమెకు చెప్పాడు. అంతర్యుద్ధం చివర కమ్యూనిస్టు తిరుగుబాటుదారులతో సరిహద్దు దాటి తాష్కెంటు చేరాడు. అక్కడ ఫ్యాక్టరీలో పనిచేశాడు, పెళ్ళి చేసుకున్నాడు, ముసలివాడయ్యాడు. ఆ రోజుల్లో సరిహద్దుకి అవతల తమ్ముడున్నాడని తెలిస్తే ఇవతల అన్నకి బతుకుతెరువు ఉండేది కాదు. అందుకని లాంబ్రోస్ తమ్ముడు చచ్చాడన్నాడు. మొదట భయపడి చెప్పలేదు, తర్వాత చెప్పే వేళ దాటిపోయింది. తన తండ్రినీ, మారిగో అన్ననీ కాల్చి చంపింది ఆ తిరుగుబాటుదారులే. వాళ్ళతో వెళ్ళిన ఫానిస్ బతికే ఉన్నాడని ఏ మొహంతో చెబుతాడు? అయితే నాలుగేళ్ళ కిందట ఆకుపచ్చవాళ్ళు, మేం గెలిస్తే దేశం దాటిపోయినవాళ్ళని వెనక్కి రానిస్తామన్నారు. లాంబ్రోస్ ఓటు వేసే తెర వెనక్కి వెళ్ళి జన్మలో మొదటిసారి ఆకుపచ్చ కాగితం కవరులో పెట్టాడు. వాళ్ళు గెలిచారు, రానిచ్చారు. ఈ వేసవిలో ఫానిస్ వస్తున్నాడు. ఈ సంగతి ఊళ్ళో తెలిసినది ఇద్దరికే, లాంబ్రోస్‌కీ, థాలియాకీ.

"పిన్నీ, నేను స్తాథిస్ కొట్టు దాకా వెళ్ళొస్తాను."

గరిటె ఆగిపోయింది. "ఆకుపచ్చోళ్ళ కొట్టుకా? ఆడపిల్లవి, మగాళ్ళ మధ్యకా? వాళ్ళతో నీకేం పనే?"

"వాయోస్ సంగతి మాట్లాడాలి."

"వాడి ఖర్మ వాడిది. తినేసి వెళ్ళు, మొహం పీక్కుపోయింది," అంటూనే ఉంది మారిగో. థాలియా అప్పటికే మెట్లు దిగేసింది.

స్తాథిస్ కొట్టు ముందు కుర్చీలకు ఈమధ్యే కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు. కూర్చున్నవాళ్ళ పంట్లాలకు ఇంకా అంటుకుంటోంది. వాయోస్ గుమ్మం పక్క బల్ల ముందు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. అతని ముందు కాఫీ లేదు, మంచినీళ్ళ గ్లాసు కూడా లేదు. మనిషిని వెలివేయడానికి ఈ ఊళ్ళో అరుపులూ కేకలూ అక్కర్లేదు, కొట్టువాడు అతని బల్ల దగ్గరికి రాకపోతే చాలు. వాయోస్ రోజూ పొద్దున్నే వచ్చి, ఏమీ తాగకుండా మధ్యాహ్నం దాకా కూర్చుని పోతున్నాడు. రాకపోతే నేరం ఒప్పుకున్నట్టు అవుతుందని అతని భయం.

ఆమెను చూసి అతను లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

లోపల గోల ఒక్కసారిగా ఆగిపోయింది. అద్దం పక్కన గోడకి, నాయకుడి బొమ్మ కింద, పత్రికలోంచి కత్తిరించిన ఆమె ఫోటో అంటించి ఉంది. ఎవరో దానికి మీసాలు గీశారు.

"రావమ్మా ప్రొఫెసరమ్మా, రా!" అన్నాడు ఊరి ప్రెసిడెంటు లియోనిదాస్, చేతిలో పూసల దండ టకటకలాడిస్తూ. పెద్ద పొట్ట, పెద్ద గొంతు, చిన్న కళ్ళు. "ఈ కొట్లోకి ఆడమనిషి రావడం ఇదే మొదలు. స్తాథిస్, కుర్చీ వెయ్యరా. తుడిచి వెయ్యి, రంగు అంటుకుంటే మళ్ళీ పేపర్లో రాస్తుంది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆమెకు ఎక్కడా సరదా వినపడలేదు.

"కూర్చోవడానికి రాలేదండీ. వాయోస్ గారికి తాళాలు ఇచ్చెయ్యండి. నేను చెప్పినది ఎవరి గురించో మీకు తెలీదు. తెలీకుండా మనిషిని ఇలా..."

"తెలీదనే కదా నిన్ను అడిగేది! ఒక్క ముక్క చెప్పు. వీడా, కాదా?"

"నేను ఎవరి గురించీ చెప్పకూడదు. మీ అందరికీ మాటిచ్చాను. మీకు కూడా ఇచ్చాను, గుర్తుందా?"

"నాకు మాట అక్కర్లేదు. నా ఓటు మైకులో చెబుతాను."

అప్పటికి వాయోస్ గుమ్మంలోకి వచ్చాడు. వారం రోజుల గడ్డం, ఎర్రటి కళ్ళు. "ప్రెసిడెంటూ, పోయినసారి ఓటేసి బడిలోంచి బయటికి వస్తూనే నీ దగ్గరికి రాలేదా నేను? మిగిలిన కాగితాలన్నీ జేబులోంచి తీసి చూపించలేదా? నీలం కాగితం అందులో ఉందా లేదా?"

ఇక్కడ ఒక్కో పార్టీకి ఒక్కో కాగితం. ఓటరు తెర వెనక ఒకటి కవరులో పెట్టి, తక్కినవి చెత్తబుట్టలో పారేయాలి. పెత్రోవ్రిసిలో ఎవరూ పారేయరు. జేబులో పెట్టుకుని బయటికి తెచ్చి తమ పెద్దకి చూపిస్తారు. ఏది మిగల్లేదో అదే వేసినట్టు. ఈ ఆనవాయితీ సంగతి విన్నరోజు థాలియా హాస్టల్ గదిలో పొట్ట పట్టుకుని నవ్వింది. ఇప్పుడు నవ్వు రావడంలేదు.

"ఉందయ్యా, ఉంది. నీలం కాగితాలు అర్గిరిస్ ఇంటింటికీ పంచలేదా? నీ పెళ్ళాం పుట్టింట్లో కట్టలకొద్దీ ఉంటాయి. ఒకటి వేసి ఇంకొకటి చూపించావేమో, నాకేం తెలుసు?"

"నా పిల్ల మీద ఒట్టు!"

"పిల్లని ఎందుకు లాగుతావురా మధ్యలో..."

"మరేం చెయ్యమంటారు? బస్సు పోయింది. నా కూతురు బళ్ళో ఎవరి పక్కన కూర్చున్నా వాళ్ళు లేచిపోతున్నారు. మా ఆవిడ రొట్టెల కొట్టుకి వెళితే వరసలో అందరూ చెవులు కొరుక్కుంటున్నారు. ఇంకేం చెయ్యమంటారు, చచ్చిపొమ్మంటారా?" వాయోస్ గుమ్మం పట్టుకున్నాడు. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. స్తాథిస్ గ్లాసులు కడుగుతున్నట్టు నటించాడు.

థాలియాకి ప్రొఫెసరు మాటలు గుర్తున్నాయి. అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. అయినా ఆ మనిషి గుమ్మం పట్టుకున్న వేళ్ళు చూశాక నోరు ఆగలేదు.

"వాయోస్ గారు కాదు," అంది.

లియోనిదాస్ మెడ ముందుకు చాచాడు.

"ఏంటీ?"

"కాదండీ. ఆయన కాదు. కావాలంటే మా అమ్మ మీద ఒట్టు."

లియోనిదాస్ పూసలు ఆగాయి. స్తాథిస్ ఎవరివంకా చూడకుండా కాఫీ కాచి, నురగ చెదరకుండా మోసుకెళ్ళి వాయోస్ ముందు పెట్టాడు. పక్కన మంచినీళ్ళు, దాని పక్కన అడగని బిస్కట్టు. వాయోస్ కప్పు ఎత్తబోయి సగం సాసరులో పోసుకున్నాడు. ఎవరో అతని వీపు తట్టారు. ఇంక అయిపోయిందనుకుని థాలియా గుండెల నిండా గాలి పీల్చుకుంది.

ఎక్కడ అయిపోయింది?

"మరి నేనో?" అన్నాడు స్తాథిస్.

"ఏంటి?"

"నేనూ కాదని చెప్పు అమ్మాయీ. కొట్టు నాది. వాయోస్ కాదంటే జనం రేపు నన్నే అంటారు. రంగు వేయించి దాక్కున్నాడంటారు."

"స్తాథిస్ గారూ, నేను..."

"వాడికి చెప్పావుగా! నాకు చెప్పడానికి నోరు రాదేం?"

ఆమె తటపటాయించింది. ఆ తటపటాయింపు అందరూ చూశారు. స్తాథిస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నలుగురూ కుర్చీల్లో అతనివైపు తిరుగుతున్నారు.

"మీరూ కాదు," అనేసింది గబగబా.

అంతే, ఆనకట్ట తెగింది. "నేనో?" "నాకూ చెప్పు!" "ముందు నాకు, మా ఇంట్లో పెళ్ళి కుదిరింది!" అని తలా ఒకవైపు నుంచీ మీదికొచ్చారు. మూల బల్ల దగ్గర కోస్మాస్ తాత, చూపు సరిగా ఆనని ముసలాయన, కర్ర పట్టుకుని లేచాడు.

"నాకు అక్కర్లేదు. నేను ఏమిటో దేవుడికి తెలుసు. ఈ పిల్ల సర్టిఫికెట్టు నాకెందుకు?"

"ఏం తాతా, అడగడానికి భయమా?" అంది ఒక గొంతు.

"భయమెందుకురా గాడిదా!"

"మరి అడుగు!"

ఆకుపచ్చ పార్టీ పుట్టకముందు నుంచీ ఆకుపచ్చగా ఉన్న మనిషి, దానికోసం ద్వీపాల్లో జైలుకి పోయి వచ్చిన మనిషి, ఆ రోజు తన మనవడి ఈడు పిల్ల ముందు నిలబడి, "చెప్పమ్మా, నేను కాదని చెప్పు," అన్నాడు. థాలియాకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మీరు కాదు తాతా. ఎవరూ కాదు. మీలో ఎవరూ కాదు!"

ఈ మాట ఆమె ఓదార్పుగా అంది. అన్న తర్వాత గానీ తానేమందో తనకే తెలియలేదు.

లియోనిదాస్ మెల్లగా పూసల దండ బల్ల మీద పెట్టాడు. "ఎవరూ కాదా? అయితే పేపర్లో వేసింది అబద్ధమా?"

ఇదే దారి అనుకుంది థాలియా. ఉద్యోగం పోతే పోయింది. పరిశోధన పోతే పోయింది. "అవునండీ, అబద్ధమే. విలేకరి ఏదైనా మంచి ముచ్చట చెప్పమంటే అల్లి చెప్పాను. అలాంటి మనిషే లేడు. రాసిమ్మంటే రాసిస్తాను. నన్ను తిట్టండి, అంతేగానీ..."

"ఆగాగు." లియోనిదాస్ చిన్న కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి. "పోయినసారి పెట్టె తెరిచినప్పుడు లెక్క దగ్గర నేనే ఉన్నాను. ఈ ఊళ్ళో ఎవడు ఎటో నాకు ముందే తెలుసు, పడక మీద లేవలేని ముసలమ్మలతో సహా. ఆ రోజు మనకి ఒక ఓటు తగ్గలేదురా. తగ్గితే నేను ఊరుకునేవాణ్ణా? ఒకటి పెరిగింది."

"అవునవును, పెరిగింది. సెలవు మీద వచ్చిన సిపాయి ఎవడో అనుకున్నాం కదా," అన్నాడు స్తాథిస్.

"అనుకున్నాం. కోపంలో ఆ సంగతే మర్చిపోయాం. పెరిగిన ఓటు ఎక్కణ్ణించి వస్తుంది? ఊళ్ళో ఉన్నవి రెండే కొట్లు. ఈ పిల్ల ఎవణ్ణో కాపాడదామని రంగులు తిప్పి చెప్పింది!"

ఒక్కొక్కరి తలా కిటికీవైపు తిరిగింది. కూడలికి అవతల, అర్గిరిస్ కొట్టు నీలం పందిరి కింద నీలంవాళ్ళు పాచికలాట ఆడుకుంటున్నారు. వాళ్ళ వెనక, లోపలి గోడ పక్కన, లాంబ్రోస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

అటు చూడకూడదు అనుకుంది థాలియా. చూపు నేలకి దించి, గచ్చు మీద సిగరెట్టు పీకలు చూస్తూ నిలబడింది.

లియోనిదాస్‌కి ఒళ్ళంతా ఉత్సాహం వచ్చేసింది. "వారం నుంచీ మనల్ని చూసి నవ్వుతున్నారు కదరా! స్తాథిస్, ఊజో సారా పొయ్యి. పై అరలోది, మంచిది. ఒక్క గ్లాసు. తీసుకెళ్ళి అర్గిరిస్ కొట్లో నడిమి బల్ల మీద పెట్టు. ‘మా మనిషికి, మా తరఫున’ అను. పేరు అడిగితే వాళ్ళనే తేల్చుకోమను."

"వద్దండీ," అంది థాలియా. "ప్రెసిడెంటు గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక మనిషి బతుకు..."

"వాయోస్ బతుకు వాళ్ళకి వారం రోజులు ఆటైంది. ఇప్పుడు మన వంతు."

ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి గ్లాసు పంపడం ఇక్కడ ఉన్నదే. పంపినది తోసేయడం పెద్ద అవమానం. అయితే కూడలి దాటి గ్లాసు పోవడం మాత్రం ఎవరూ ఎరగరు. స్తాథిస్ పళ్ళెం పట్టుకుని బయల్దేరాడు. వెనకే థాలియా పరుగెత్తింది. వాయోస్ సగం కాఫీ వదిలేసి గుమ్మంలోకి వచ్చి చూస్తున్నాడు. తన బల్ల మీదికి కాఫీ ఇంకొకరిని ఇరికించి వచ్చిందని అతనికి అప్పుడే అర్థమైనట్టుంది, మొహం తిప్పుకున్నాడు.

అర్గిరిస్ కొట్టులో పాచికలు ఆగాయి.

"ఏంట్రా ఇది? దారి తప్పావా?" అన్నాడు అర్గిరిస్. సన్నటి మనిషి, సన్నటి మీసం.

"మీలో ఉన్న మా మనిషికి. మా తరఫున." స్తాథిస్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "పేపర్లో పడిన ముచ్చట ఇటుదేనట. అమ్మాయి రంగులు తిప్పిందట."

మొదట నవ్వారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఇక్కడ మీ మనిషి ఎవడూ లేడు, పట్టుకెళ్ళు."

"అందరూ కాదన్నాక పట్టుకెళ్తాను."

అర్గిరిస్ దవడ బిగుసుకుంది. "సరే. పెద్దమనుషులంతా వినండి. ఈ గ్లాసుని ఒక్కొక్కరూ ‘నాది కాదు’ అని పక్కకి తొయ్యండి. చివర నేనే తీసుకెళ్ళి వీడి ప్రెసిడెంటు నెత్తిన పోస్తాను."

గ్లాసు కదిలింది. "నాది కాదు." పక్క బల్లకి. "నాది కాదు, థూ." ఇంకో బల్లకి. ఒకాయన వేలితో కూడా ముట్టుకోకుండా అగ్గిపెట్టెతో తోశాడు. మారిగో పక్కింటాయన కొంచెం ఎక్కువ గట్టిగా అరిచి తోశాడు, ఊజో చిందింది. థాలియా పందిరి స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. తోసెయ్యి బాబాయీ, అనుకుంటోంది మనసులో. ఒక్క మాట. ఒక్క వేలు. ఎవరికీ తెలియదు. నేను చచ్చినా చెప్పను. తోసెయ్యి.

గ్లాసు లాంబ్రోస్ ముందు ఆగింది.

ఆయన దానివంక చూశాడు. పైన ఫోటోలో తండ్రి, సైనికుడి టోపీతో, కూడలివంక చూస్తున్నాడు. లాంబ్రోస్ చెయ్యి బల్ల మీదికి వచ్చింది. వేలు గ్లాసుకు తగిలింది. అక్కడే ఉండిపోయింది.

"తొయ్యి లాంబ్రోస్, తొందరగా," అన్నాడు అర్గిరిస్. "చివరివాడివి నువ్వే."

"ఎవరి గ్లాసది?" అని వెనకనుంచి ఆడగొంతు.

మారిగో. కూడలిలో గోల విని, చేతిలో గరిటెతో, నెత్తిన గుడ్డతో వచ్చేసింది. ఆడవాళ్ళు దాటకూడని పందిరి గీత దగ్గర ఆగింది. "మా ఆయన ముందు ఆకుపచ్చోళ్ళ గ్లాసేంటి? ఏమయ్యా, చూస్తావేం, తోసి పారెయ్యి! వీళ్ళ తిరుగుబాటోళ్ళు చంపిన మామగారి ఫోటో కింద కూర్చుని ఆలోచనేంటి?"

లాంబ్రోస్ భార్యవంక చూశాడు. తర్వాత థాలియావంక చూశాడు. ఆయన కళ్ళలో కోపం ఉంటుందనుకుంది ఆమె. లేదు. బాగా అలిసిపోయిన మనిషి చూపు అది.

"ఒకసారి కాదన్నాను వాణ్ణి," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "చచ్చాడని చెప్పాను. మళ్ళీ ఇప్పుడు కూడా కాదంటే వాడి మొహం ఎలా చూడను?"

"ఎవణ్ణి? ఏం మాట్లాడుతున్నావు?" అన్నాడు అర్గిరిస్.

లాంబ్రోస్ లేచి నిలబడ్డాడు. గ్లాసు ఎత్తాడు.

"ఇది నాదే," అన్నాడు లాంబ్రోస్. "ఆ ఓటు నేనే వేశాను. మా ఫానిస్ ఇల్లు చేరాలని వేశాను. వాడి రాకకి!"

ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు బోర్లించాడు. మారిగో చేతిలో గరిటె మీద రెండు గోధుమ గింజలు అంటుకుని ఉన్నాయి. ఆమె వాటిని చూసింది, మొగుణ్ణి చూసింది, ఎన్నడూ దాటని పందిరి గీత దాటి ఆయన బల్ల దాకా నడిచింది.

"ఇన్నేళ్ళూ మంచి బాదంపప్పులు ఏరి ఏరి పెట్టానయ్యా నేను," అంది చాలా మెల్లగా. "ఆ మూడో పళ్ళెం నాచేత ఎవరికి పెట్టించావు?"